జోడు గింజలు, ఒంటి గింజలు

నేను పాఠం చెప్పిన వర్క్‌షాపుల్లో గ్రాఫులన్నీ నలుపు, బూడిద రంగుల్లోనే ఉండేవి. చూసినవాళ్ళు నాకు రంగుల మీద మోజు లేదనుకునేవారు. అసలు సంగతి వేరు. ఆ రోజుల్లో మా వైపు ఏ రంగు ముట్టుకున్నా అది ఏదో ఒక పార్టీది. జమ్మలమడుగులో మొదటిసారి పాఠం చెప్పినప్పుడు చెరువు నీళ్ళ లెక్కలకు ఒక రంగు, బోరు నీళ్ళ లెక్కలకు ఇంకో రంగు వేశాను. వెనక వరుసలోంచి ఒకాయన లేచి, "మేడం, మా చెరువును ఆ పార్టీలో ఎందుకు కలిపినారు?" అని అడిగాడు. గదంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. అప్పటి నుంచి నాకు బూడిద రంగే శరణ్యం.

నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. ఇంటర్‌తో కాలేజీ ఆగిపోయింది. చదువు మాత్రం ఆగలేదు. ప్రొద్దుటూరు శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల నాది అన్నట్టు ఉండేది. కథల బీరువా అయిపోయాక, ఎవరూ తియ్యని శాస్త్రాల బీరువాకు వచ్చాను. అందులో ఒక గణాంకశాస్త్రం పుస్తకం అంచులు చెదలు కొట్టేసి ఉండేది. అంచులు పోతే పోయాయి, సూత్రాలు మిగిలాయి. పక్కన నిఘంటువు పెట్టుకుని, అర్థం కాని పేజీని మళ్ళీ మళ్ళీ చదివి, ఒక ఏడాది ఆ పుస్తకంతో కాపురం చేశాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

తర్వాత ఒక కంప్యూటర్ సెంటర్‌లో టైపింగు, కొట్టు లెక్కలు నేర్పే ఉద్యోగం దొరికింది. అక్కడే 'ఆర్' అనే ఒక్క అక్షరం పేరున్న భాష పరిచయమైంది. లెక్కల కోసమే పుట్టిన భాష, పైగా ఉచితం. దాన్ని వివరించే కాగితాలు నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి, అట్ట వేయించుకుని, రాత్రి అన్నం తిన్నాక కథల పుస్తకంలాగా చదివేదాన్ని. గ్రంథాలయానికే వచ్చే ఒక వృక్షశాస్త్రం లెక్చరర్ అది చూసి, "చెట్లమీద, పిట్టలమీద, నీళ్ళమీద పరిశోధన చేసే పిల్లోళ్ళు మన పక్క శానామంది ఉండారమ్మా. తిరిగి తిరిగి అంకెలు తెస్తారు. తెచ్చినాక ఏం చేయల్లో తెలీదు. నువ్వు చెప్పరాదా?" అన్నాడు. అట్లా మొదలైంది. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో కాలేజీ ల్యాబులు ఆదివారమే ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆదివారాలు పోయేదాన్ని. మాది జమ్మలమడుగు మిషన్ కాంపౌండ్ కుటుంబం. చర్చికి రాకుండా బస్సెక్కుతుంటే మా అమ్మ తలుపు దగ్గర నిలబడి, "దేవుని కంటే పిట్టల లెక్క ఎక్కువైపాయనా నీకు?" అనేది. అంటూనే సంచిలో సద్ది కట్టి పెట్టేది.

ఊళ్ళలో బాంబుల చప్పుడు తగ్గుముఖం పట్టి, కూడళ్ళలో ఫ్లెక్సీలు లేచిన కాలం అది. భయం పోయినట్టే ఉండేది, అలవాట్లు మాత్రం పోలేదు. ల్యాబు తలుపు తియ్యగానే గోడ పక్క కుర్చీలు ముందు నిండేవి. వీపు గోడకు, ముఖం తలుపుకు. మధ్యలో ఉన్న మంచి కంప్యూటర్లు ఖాళీగా ఉండేవి. వాటిని ఆడపిల్లలు తీసుకునేవారు. ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడగరు. యాస విని, ఇంటిపేరు చూసి, ఎవరికి వారే తెలుసుకుంటారు. నన్ను మాత్రం ఎవరూ ఏ పక్షంలోనూ వేయలేదు. మా నాయన మిషన్ బడిలో పంతులు. రెండు పక్షాల పిల్లలూ ఆయన దగ్గరే ఎక్కాలు చదివారు.

నేను చెప్పబోయేది పులివెందుల వర్క్‌షాపు గురించి. వరసగా మూడు ఆదివారాలు. అక్కడ ఏం మొదలుపెట్టినా నాయకుడు లేకుండా మొదలవదు. మొదటి ఆదివారం ఒక పార్టీ నాయకుడు వచ్చి దీపం వెలిగించి, నాకు శాలువా కప్పి, "ఈ పిల్లోళ్ళందరికీ టైపు బాగా నేర్పియ్యమ్మా" అని ఆశీర్వదించాడు. టిఫినుకు చెప్పిన ఉగ్గాని రావడం ఆలస్యమైంది. నాయకుడు తినకుండా పోతే బాగుండదని కూర్చోబెట్టారు. ఆయన కూర్చున్నాడు కదా అని నేను పాఠం మొదలుపెట్టాను.

అందరిలోకీ ఒక అబ్బాయి దగ్గరే లెక్కలు పొందిగ్గా ఉన్నాయి. ముప్పై దాటని పరిశోధక విద్యార్థి. వాళ్ళ ఊరు పులివెందులకు దగ్గరే. ఊరికీ పక్క ఊరికీ మధ్య ఒక వంక, అంటే చిన్న వాగు. రెండు గట్ల మీదా శెనగ చేలు, చీనీ తోటలు, అంటే బత్తాయిలు. ఆ చేలలో కౌజు పిట్టలు ఎన్ని ఉన్నాయన్నది అతని పరిశోధన. అవి కంటికి సులువుగా కనబడవు. తెల్లారగానే కూస్తాయి. వంకకు ఈ పక్క కొన్ని, ఆ పక్క కొన్ని చోట్లు గుర్తు పెట్టుకుని, ఒక్కో చోట కాసేపు నిలబడి, వినబడిన పిట్టలను లెక్కపెట్టడం అతని పద్ధతి. ఆ అంకెలనే ఉదాహరణగా తీసుకుని తెర మీద రెండు పెట్టెల బొమ్మ గీశాను. పెట్టె ఎంత ఎత్తుగా ఉంటే పిట్టలు అన్ని ఎక్కువ. ఈ పక్క పెట్టె ఎత్తుగా నిలబడింది. ఆ పక్కది పొట్టిగా, నేలకు అణిగిపోయి ఉంది.

"ఏందమ్మా ఆ పెట్టెలు?" అన్నాడు నాయకుడు.

"వంకకు ఈ పక్క పిట్టలు, ఆ పక్క పిట్టలు సార్."

"పొట్టిది ఆ పక్కదేనా?" ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సగానికి సగం ల్యాకుండా పాయనా! యాడికి పోతాయి పాపం. నాపరాయి గని అని నేలంతా తోడి పెట్టినాడు గదా వాడు. మనుషుల్నే బతకనియ్యల్యా, పిట్టల్ని బతకనిస్తాడా?"

వాడు అంటే అవతలి ఊరి నాయకుడు. గని ఆయనది.

గోడ పక్క నుంచి ఎవరో, "పిట్టలు గూడా మన పార్టీలోకి వచ్చేసినాయన్నా!" అన్నారు. నవ్వులు.

"ఇన్నాళ్ళు మనం నోటితో చెప్తాంటిమి. ఇప్పుడు కంప్యూటరే చెప్తాంది," అని నాయకుడు ఆ అబ్బాయి వైపు తిరిగాడు. "అబ్బీ, ఈ బొమ్మ నాకు కావల్ల. కరపత్రం ఏపిస్తా. కింద నీ పేరు పెద్ద అక్షరాలతో. మూడో ఆదివారం ముగింపుకు వస్తా గదా, ఆ పొద్దుకు తీసి పెట్టమ్మా. ఈ బూడిదలో గాదు, రంగుల్లో."

ఉగ్గాని వచ్చింది. అందరూ సంబరంగా తిన్నారు. ఆ అబ్బాయి తినలేదు. టీ గ్లాసు పట్టుకుని వరండా చివర నిలబడ్డాడు. నేను చెయ్యి కడుక్కుంటుంటే దగ్గరకు వచ్చాడు.

"మేడం, ఆ బొమ్మ ఇయ్యకుండా ఉండే దోవ ఏమన్నా ఉందా?"

"ఏం? లెక్క తప్పా?"

"తప్పో రైటో నాకు తెలీదు మేడం. ఆ పక్క నేను లెక్కపెట్టల్యా. మాయమ్మ పెట్టింది."

అక్కడే గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. వంక అవతలి ఊరు వాళ్ళమ్మ పుట్టిల్లు. ఆమె పెళ్ళి నాటికి రెండు ఊళ్ళూ బాగానే ఉండేవి. తర్వాత పక్షాలు పుట్టాయి. వీళ్ళ చీనీ చెట్లు వాళ్ళు నరికారు, వాళ్ళ చీనీ చెట్లు వీళ్ళు నరికారు. ఆ ఏళ్ళలోనే అతని నాయన జ్వరంతో పోయాడు. శవం లేచే వేళకు పుట్టింటి మగవాళ్ళు వచ్చారు, వంక అవతలి గట్టు మీద నిలబడ్డారు. దాటలేదు. దాటమని వీళ్ళూ పిలవలేదు.

"మొగోళ్ళం ఎవరమూ దాటం మేడం. ఆడోళ్ళను ఏమన్రు. అయినా ఊరికే పోతే ఈ పక్కోళ్ళు ఏందో మోస్తాందంటారు, ఆ పక్కోళ్ళు ఏందో కనిపెట్టను వచ్చిందంటారు. పిట్టల పని ఉందని చెప్పినాక ఎవరూ అడగల్యా. పొద్దన్నే పోతాది, లెక్కపెడ్తాది, మా అవ్వ కాడ గ్లాసు మజ్జిగ తాగి వస్తాది. మా అవ్వ మంచం పట్టింది మేడం." గ్లాసులో టీ చల్లారిపోయింది. "ఆమె తెచ్చిన లెక్కతోనే వాళ్ళ మీద కరపత్రం పడితే, ఆ దోవ మూసేస్తారు."

"నాయకుడికి ఆ మాట చెప్పొచ్చు కదా?"

"అంతమంది ముందర, ఆడ అడుగు పెట్టల్యాక అమ్మను పంపినాడు అనిపించుకోవల్ల. మా గైడ్‌కు తెలిస్తే థీసిస్ గూడా పోతాది."

ఆ మధ్యాహ్నం అతని ఫైలును మళ్ళీ తెరిచాను. నేను చదివిన చెదల పుస్తకంలో ఒక అధ్యాయమంతా దీని మీదే ఉంది. కొలిచేవాళ్ళు ఇద్దరైతే, ఏ కొలత ఎవరిదో రాసుకోవాలి. ఇతని పట్టికలో తేదీ ఉంది, చోటు ఉంది, మబ్బు ఉందో లేదో కూడా ఉంది. ఎవరు లెక్కపెట్టారన్న గడి మాత్రం లేదు. ఆ గడి చేర్చి చూస్తే విషయం తేలిపోయింది. ఈ పక్క లెక్కంతా కొడుకుది, ఆ పక్క లెక్కంతా అమ్మది. పొట్టి పెట్టె ఆ ఊరిదా, ఆ అమ్మదా? ఈ అంకెలను ఎంత అడిగినా చెప్పవు.

"మీ అమ్మ ఎట్లా లెక్కపెడుతుంది?"

"చింతపిక్కలు కొంగున కట్టుకోని పోతాది. కూత ఇనబడితే ఒకటి సంచిలో ఏస్తాది. వచ్చినాక నేను ఎంచుకుంటా."

"వచ్చే ఆదివారం పిలుచుకొని రా."

ఆమె వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చెప్పులు వేసుకుని రావచ్చని ఎంత చెప్పినా వినకుండా గడప బయట విప్పింది. కంప్యూటర్ ముందున్న చక్రాలు తిరిగే కుర్చీలో కూర్చోబోతే అది వెనక్కి జారింది. బల్ల పట్టుకుని నిలదొక్కుకుని, "ఇదేంది, దీనికి గూడా ఒకచోట నిలకడ ల్యాదే" అంది. గోడ పక్క వాళ్ళు కూడా నవ్వారు. ఆమె వచ్చిన పని నేను అందరికీ చెప్పలేదు. పొలంలో లెక్క ఎట్లా చేస్తారో చూద్దాం అన్నానంతే.

కొడుకు కౌజు పిట్టలాగా కూశాడు. మగ పిట్ట గొంతు చేసి గట్టిగా, ఆ వెంటనే పక్క పొదలోంచి బదులిచ్చినట్టు ఆడ పిట్ట గొంతు చేసి సన్నగా. బాగా కూశాడు. వెనక ఎవరో ఈల వేశారు. వాళ్ళమ్మ కొంగు ముడి విప్పి ఒక చింతపిక్క తీసి బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకోటి పెట్టుమా," అన్నాడు కొడుకు.

"ఇంకోటి యాడ కూసింది?"

"రెండు గదా కూసినాయి. మగది, ఆడది."

"మొగుడు పిలిచె, పెండ్లాం పలికె. ఒక సంసారమే గదా నాయనా. ఇంట్లో ఇద్దరుంటే రెండిండ్లు అయితాయా?"

కొడుకు తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఆమె మాటలో వింతేమీ కనబడలేదు. మా ఊళ్ళలో ఏదైనా ఇండ్లతోనే లెక్క. జాతర చందా ఇంటికి ఇంత, పెళ్ళి పిలుపు ఇంటికి ఒకటి. ఊరు రెండుగా చీలినప్పుడు కూడా వాళ్ళవి ఎన్ని ఇండ్లు, మనవి ఎన్ని ఇండ్లు అనే అడిగారు కానీ ఎంతమంది అని ఎవరూ అడగలేదు. ఆమె పిట్టలను కూడా ఊరిని లెక్కపెట్టినట్టే లెక్కపెట్టింది.

"అంతేనా! అయితే ఆ పక్క అంకెలన్నిట్నీ రెండుతో కొడితే సరి మేడం. ఒక్క లైను," అన్నాడు ఒక కుర్రాడు. పొట్టి పెట్టె లేచి నిలబడుతుందన్న సంతోషంతో నేను కూడా కీబోర్డు మీద వేళ్ళు పెట్టేశాను.

కొడుకు అడ్డం వచ్చాడు. "ఉండండి మేడం. అమ్మా, ఒంటిది కూస్తే ఏం చేస్తావు? ఎంతసేపు పిలిచినా ఇంకోటి పలకదు సూడు, అట్లాంటిది?"

"దానికీ ఒకటి ఏస్తా."

"జతకూ ఒకటే, ఒంటిదానికీ ఒకటేనా?"

"ఒంటిదైతే మాత్రం అది ఇల్లు కాదా?" అంది ఆమె. అడిగింది కొడుకునే, చూపు మాత్రం బల్ల మీది చింతపిక్క మీద ఉంది.

నేను కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసేశాను. సంచిలో పడిన పిక్కల్లో ఏది జతో, ఏది ఒంటో ఇక ఎవరూ చెప్పలేరు. రెండుతో కొడితే ఒంటి పిట్టలన్నిటికీ లేని జోడును కట్టినట్టవుతుంది. మళ్ళీ లెక్కపెట్టాలి. ఈసారి రెండు గట్లూ ఒకే మనిషి వినాలి. ఆ వంకకు రెండు పక్కలా నడవగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది.

"నేను కూడా వస్తానమ్మా," అన్నాను. "నాకు ఏ పక్కా లేదు."

"రా తల్లీ. ఎండ రాకముందే అయిపోతాది," అందామె.

సెంటర్‌లో సెలవు పెట్టి వాళ్ళ ఊరికి పోయాను. మొదటి రోజు తెల్లవారేసరికి ఆమె ముఖం కడుక్కుని, కొంగు దోపుకుని సిద్ధంగా ఉంది. నేను పుస్తకాల మనిషిని కదా, ఉపాయం ముందే ఆలోచించి పెట్టుకున్నాను. "జతకు నిండు చింతపిక్క వేద్దాం. ఒంటిదానికి పిక్కను పగలగొట్టి అర బద్ద వేద్దాం" అన్నాను.

"అర ఏంది?" అంది ఆమె. కోపమేమీ లేదు, నిజంగానే అర్థం కాలేదు. "ఒంటిదైతే అరది అయిపోతాదా?"

నాకు సిగ్గు వేసింది. ఆమె బోసి మెడ వైపు చూడకుండా వాకిలి వైపు చూశాను. వాకిట్లో వేరుశెనక్కాయలు ఆరబోసి ఉన్నాయి. మా వైపు వాటిని బుడ్డలంటారు. ఆమె కూడా అటే చూసింది. వంగి రెండు బుడ్డలు ఏరింది. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టి ఆడించింది.

"ఇది జోడు గింజలది. ఇది ఒంటి గింజది. జతకు ఇది, ఒంటిదానికి ఇది. రెండూ బుడ్డలే గదా."

నేను ఆ రెంటినీ అరచేతిలో పెట్టుకుని చూశాను. బుడ్డలు ఎంచితే ఇండ్లు వస్తాయి. వలిచి గింజలు ఎంచితే పిట్టలు వస్తాయి. ఆమె లెక్కా పోదు, మా లెక్కా పోదు. ఇద్దరం చాప మీద కూర్చుని జోడు గింజలవి ఆమె కొంగు చివర, ఒంటివి నా జోలె సంచిలో వేరు చేసుకున్నాం. మూడు గింజలవి కూడా కొన్ని తగిలాయి. "ఇవి మన లెక్కకు రావులే" అని ఆమె వాటిని వలిచి నా చేతిలో పెట్టింది. తింటూ బయలుదేరాం.

ముందు ఈ పక్క చోట్లన్నీ తిరిగాం. నేను వినడంలో ఎందుకూ పనికిరాలేదు. తీతువు అరిస్తే ఒంటి గింజ బుడ్డ తీయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "అది గాదు తల్లీ, అది మనల్ని తిడతాంది" అంది. తర్వాతి రోజు వంక దాటాం. ఎండిపోయిన వంక, ఇసుక. ఆమె కాలిబాట ఒక్కటే సన్నగా అవతలికి పోతోంది. కొడుకు ఈ గట్టు దాకా వచ్చి, అక్కడ ఒక రాయి మీద కూర్చున్నాడు. మేము తిరిగి వచ్చేదాకా అక్కడే ఉంటాడట. ఆమె లెక్కకు పోయిన ప్రతి రోజూ అట్లాగే కూర్చున్నాడట.

అవతలి గట్టు మీద ఒకాయన మోటారు సైకిలు ఆపి నిలబడి ఉన్నాడు. నేను అడుగు ఆపాను. ఆమె నడక మారలేదు.

"ఏమక్కా, ఈ పొద్దు ఇంకొకామెను పిలుచ్చకచ్చినావు?"

"అబ్బికి పాఠం చెప్పే టీచరమ్మలే."

"ఏం ఎంచుతాండారు, ఓట్లా?"

"పిట్టల్ని."

"పిట్టలకు గూడా ఓట్లు ఇచ్చినారా ఈ గవుర్మెంటోళ్ళు?" అని ఆయన నవ్వాడు. బండి స్టార్టు చేసి, మళ్ళీ ఆపి, అవతల రాయి మీద కూర్చున్న మనిషి వైపు చూశాడు. "వాడు చిక్కిపోయినట్లుండాడే?"

"చదువు గదా."

"అమ్మ లేచింది. మజ్జిగ తాగి పో," అని వెళ్ళిపోయాడు. ఆయన తన చిన్న తమ్ముడని ఆమె కాస్త దూరం నడిచాక చెప్పింది.

ఆ పక్క చోట్లు కూడా తిరిగాం. గని వైపు నుంచి రాళ్ళు కోసే మిషను చప్పుడు మొదలయ్యే లోపు ముగించాలని ఆమె తొందర. చేల గట్ల మీద తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని నిలబడేది. ఒక పిట్ట పిలిచేది. ఆమె చెయ్యి కొంగు మీదికి పోయి ఆగేది. ఇంకోటి పలికితే జోడు గింజల బుడ్డ ఆ చోటు కవరులో పడేది. పలకకపోతే ఇంకాసేపు ఆగేది. నియమం ప్రకారం ఆగవలసిన దానికంటే ఎక్కువే ఆగేది. చివరికి నా వైపు చెయ్యి చాపేది, ఒంటి గింజది ఇవ్వమని.

తర్వాత ఆ ఇంటికి పోయాం. ముసలమ్మ మంచం మీద ఒత్తిగిలి, కూతురి కొంగు తడిమి చూసింది. "ఏంది, ఈసారి బుడ్డలు?" అంది. "ఎన్ని ఇండ్లు తేలినాయి మా ఊర్లో?" కూతురు ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. అయినా ఇంకో గ్లాసు అడిగి తాగాను.

మూడో ఆదివారం ఒక్కో చోటు బుడ్డలను ఒక్కో కవరులో వేసి, పైన చోటు పేరు రాసి ల్యాబుకు తెచ్చాం. ముందు బుడ్డలు ఎంచాం. తర్వాత అందరూ బల్లల చుట్టూ చేరి వలిచారు. గోడ పక్క కుర్చీలు ఆ రోజు ఖాళీ అయ్యాయి. మాటల్లో పడి ఒక లెక్చరర్ రెండు గింజలు నోట్లో వేసుకున్నాడు. "సార్! డేటా తింటాండారు!" అని ఆడపిల్లలు కేకలు పెట్టారు. ఆయన పాపం నమలడం ఆపి, ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. ఆ కవరుకు రెండు కలిపి రాసుకున్నాం.

గింజలు ఎక్కించి బొమ్మ గీశాను. రెండు పెట్టెలూ పక్కపక్కనే నిలబడ్డాయి. ఒకటి వెంట్రుకవాసి ఎత్తు. అది లెక్కలోకి వచ్చే తేడా కాదు. బుడ్డలతో గీసినా అంతే.

చెప్పినట్టే నాయకుడు వచ్చాడు. నాకు ఇంకో శాలువా కప్పి, "యాడమ్మా నా బొమ్మ?" అన్నాడు.

నేను లేవబోతుంటే ఆ అబ్బాయే లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా అందరికీ వినబడేటట్టే చెప్పాడు. "అన్నా, ఆ పొద్దు చూపిచ్చిన లెక్క నేను పెట్టింది కాదు. ఆ పక్కకు నేను పోల్యాను గదా. మాయమ్మ పోయింది. ఆమె జతను ఒకటిగా ఎంచింది. మళ్ళా ఎంచినాం. ఆ పక్కా ఈ పక్కా సమానమే. ఆ కరపత్రం ఏస్తే అబద్ధమయితాది. మాయమ్మ పుట్టింటికి పోయే దోవ గూడా పోతాది."

ఎవరూ నవ్వలేదు. అక్కడున్న మగవాళ్ళలో చాలామందికి దాటలేని వంక ఒకటి ఏదో ఊరి పక్కన ఉండే ఉంటుంది. నాయకుడు తెర వైపు చూశాడు, అబ్బాయి వైపు చూశాడు.

"నువ్వే కాదులేప్పా. ఆ పక్కకు నేను మాత్రం పోగలనా?" అన్నాడు చివరికి. తర్వాత నా వైపు తిరిగి, "అయితే ఆ గనితో ఏం చెరుపు ల్యాదంటావా?"

"అట్లా కూడా ఈ లెక్క చెప్పదు సార్. కౌజు పిట్టలు అక్కడ తక్కువ లేవని మాత్రమే చెబుతుంది."

"ఏం కంప్యూటరమ్మా! పోయినసారి ఒక మాట, ఈసారి ఒక మాట. దీనికంటే మా కార్యకర్తలు నయం." గది ఊపిరి పీల్చుకుని నవ్వింది. ఆయన బల్ల మీది గింజల కుప్ప చూసి, "ఇవన్నా తినొచ్చా?" అని అడిగాడు.

"ఎక్కించేశాం సార్. తినొచ్చు."

ఒక గుప్పెడు జేబులో పోసుకుని పోయాడు. కరపత్రం పడలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ అబ్బాయి తన పట్టికలో 'ఎవరు' అన్న గడి నింపుతూ కూర్చున్నాడు. గైడ్‌కు జరిగింది జరిగినట్టే రాస్తానన్నాడు. రాశాడు కూడా. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి, కొత్త లెక్కను, ఆ గడిని ఒప్పుకున్నాడని తర్వాత తెలిసింది. వాళ్ళమ్మ మా వెనక నిలబడి తెర వైపు చూస్తోంది. అతను తన పాత లెక్క పక్కన తన పేరు కొట్టాడు. వాళ్ళమ్మ లెక్క పక్కన పేరు కొట్టబోయి, ఆగి, 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు.

'ఆర్' భాషకు ఒక అలవాటుంది. పేర్లు ఇస్తే అక్షర క్రమంలో పెట్టుకుని, అందులో మొదటిదాన్ని కొలబద్దగా తీసుకుంటుంది. మిగతావాళ్ళు దానికంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని లెక్క చెబుతుంది. కాబట్టి కొడుకు లెక్కను అది అమ్మ లెక్కతో పోల్చి చెప్పింది.

"నన్ను యాడ పెట్టినారు దీంట్లో?" అంది ఆమె.

"మొదట," అన్నాను. "మీ నుంచే కొలుస్తుంది."

ఆమె తల ఊపింది. అంత గొప్ప విషయంగా ఏమీ తీసుకోలేదు. "అయితే లెక్క అయిపోయినట్లేనా?" అని అడిగింది.

"అయిపోయిందమ్మా."

ఆమె కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ నిలబడింది. "అయిపోయిందని ఆ పక్కోళ్ళకు చెప్పొద్దు తల్లీ," అంది. "ఈ పక్కోళ్ళకు గూడా."

కొడుకు ఒకసారి వాళ్ళమ్మ వైపు చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాడు. పట్టిక కింద ఒక ఖాళీ వరస తెరిచి, రేపటి తేదీ కొట్టి, చోటు దగ్గర వంక అవతల అని, ఎవరు అన్న గడిలో అమ్మ అని రాశాడు. పిట్టల గడి ఖాళీగా వదిలాడు.

"యాడమ్మా అయిపోయింది," అన్నాడు. "రేపు పొద్దన్నే పోవల్ల గదా నువ్వు."